ఆ పాత వైన్ పాడవలేదు, మీ నాలుకకూ ఏం కాలేదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఫ్రాన్స్‌లోని టూలూజ్‌కి వచ్చి రెండేళ్లయింది. పెళ్లిరోజుకి 60 యూరోలు పెట్టి పొయాక్ ఊరి ఎర్ర వైన్, 2022 కాపుది, కొన్నారు. గోంగూర మటన్‌తో తాగితే పచ్చి అరటికాయ కొరికినట్టు నోరంతా పిడచకట్టుకుపోయింది. ఆ తర్వాత మీ మేనేజర్ ఇంట్లో 1996 నాటి సాన్ జులియెన్ ఊరి వైన్ పోశారు. అందరూ కళ్లు మూసుకుని మైమరచిపోతుంటే మీకు మాత్రం వానకి తడిసిన ఎండుటాకుల వాసన వచ్చింది. వచ్చేటప్పుడు ఆయన 2005 నాటి మెడాక్ సీసా ఒకటి చేతిలో పెట్టారు. కొత్తదీ నచ్చలేదు, పాతదీ నచ్చలేదు, లోపం నాలోనే ఉందా, ఈ సీసాను ఏం చేయాలి, అసలు పాతదైతే గొప్పదేనా అని అడిగారు.

నేను బోర్డోలో ఒక రెస్టారెంటులో పదిహేడేళ్లుగా వైన్ చూసుకునే పని చేస్తున్నాను. దాన్ని సొమెలియే అంటారు. మా అమ్మ మాత్రం ఊళ్లో 'హోటల్లో మేనేజరు' అని చెప్పుకుంటుంది, నేనూ సరిదిద్దలేదు. మీరు పేర్లు రాసిన మూడు వైన్‌లూ మా వాకిట్లోవే. ఊరికి ఉత్తరాన జిరోండ్ ఏటి ఎడమ గట్టున గులకరాళ్ల నేల మీద పండినవి. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు ఆ అరటికాయ సంగతి. అది అచ్చంగా సరైన మాట. కొత్తగా మా దగ్గర పనిలో చేరే కుర్రాళ్లకు ఈ ఒక్క విషయం వివరించడానికి నాకు అరపూట పడుతుంది. పులుపేదో, చేదేదో, ఈ నోరు పట్టేయడమేదో విడదీసి చెప్పలేక తికమకపడతారు. మనకా బాధ లేదు. వగరు అనే రుచికి మనకు విడిగా పేరుంది, ఉగాది పచ్చడిలో మామిడి పిందెతోనే పరిచయమైపోతుంది. ఎర్ర వైన్‌లో ఆ వగరుకి కారణం టానిన్. ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వస్తుంది. ఓక్ పీపాలో నిలవ చేస్తే ఆ చెక్కలోంచి కొంత వస్తుంది. అది నోట్లోకి వెళ్లగానే లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని విరిచేస్తుంది. నాలుక మీది జారుడు పోయి గరుకు తేలుతుంది. పొయాక్‌లో ఎక్కువగా ఉండే ద్రాక్ష కేబర్నే సోవిన్యాన్. గింజ చిన్నది, తొక్క మందం. రసం తక్కువ, తొక్క ఎక్కువ అన్నమాట. పైగా మీరు తాగింది 2022 కాపు. ఆ ఏడు ఇక్కడ ఎండలు మండిపోయాయి. వగరుకి లోటేముంటుంది?

అయితే వగరులో రకాలున్నాయి, వైన్ రుచి చూడటంలో సగం విద్య అక్కడే ఉంది. పచ్చి అరటికాయ వగరు గీరుకుంటుంది, నాలుకకి మొద్దు తెస్తుంది. బాగా పండిన నేరేడు పండుదీ వగరే, కానీ తీపితో కలిసి వచ్చి నోటికి పట్టులా తగులుతుంది. దానిమ్మ తొక్కది చేదుతో కలిసిన వగరు. ఎక్కువసేపు మరిగిన టీ డికాషన్‌ది బుగ్గల లోపల పట్టుకునే వగరు. లేత వైన్ నోట్లో పెట్టుకున్నప్పుడు 'వగరుగా ఉందా లేదా' అని చూడకండి. ఉంటుంది. ఎలాంటి వగరు, దాని వెనక పండు ఉందా అన్నది చూడండి. నోరు పట్టేసిన తర్వాత పది సెకన్లకి నల్లని పండు రుచి మళ్లీ పైకి తేలితే ఆ వైన్‌కి భవిష్యత్తు ఉన్నట్టు. వగరు ఒక్కటే మిగిలి పండు మాయమైతే, ఇరవై ఏళ్లు దాచినా పిసినారివాడి పెళ్లి భోజనమే.

ఇక గోంగూర మటన్. మీ పెళ్లిరోజు కాబట్టి ఏమీ అనకూడదు గానీ, ఆ కూర ముందు ఏ లేత బోర్డో కూడా నిలబడదు. ఈ మధ్య కాపుల్లో ఆల్కహాలు 14 శాతం దాకా వస్తోంది. కారం మీద ఆల్కహాలు పడితే మంట రెట్టింపవుతుంది, ఆ మంటలో వగరు ఇంకా పైకి లేస్తుంది. అదే వైన్‌ని ఉప్పు, వెల్లుల్లి, కాస్త మిరియం మాత్రమే పట్టించి కాల్చిన మేక తొడతో తాగి ఉంటే, మాంసంలోని ప్రొటీన్, కొవ్వు ఆ టానిన్‌ని కొంత తమ మీదకి లాక్కునేవి, మీ నాలుకని వదిలేసేవి. మన కారపు కూరలతో ఫ్రెంచి వైనే కావాలంటే ల్వార్ లోయలో వూవ్రే ఊరి అర-తీపి తెల్ల వైన్ గానీ, ఆల్సాస్‌లో గెవుర్జ్‌ట్రమినర్ గానీ చల్లగా తాగండి. గోంగూరకి అయితే నా ఓటు ఉల్లిపాయ ముక్కకి, తర్వాత మజ్జిగకి.

ఇప్పుడు ఆ 1996 సాన్ జులియెన్ దగ్గరికి వద్దాం. నాకు చెప్పాలని ఉన్నదంతా ఇక్కడే ఉంది.

మాది టంగుటూరు దగ్గర పల్లెటూరు. పొగాకు పండే నేల. చిన్నప్పుడు బ్యారన్‌లో ఆకు క్యూరింగ్ అయ్యాక బేళ్లు కట్టి మా ఇంటి పక్క కొట్టంలో పేర్చేవాళ్లు. ఆ తలుపు తీస్తే ఒక వాసన వచ్చేది. ఎండుగడ్డి, కొంచెం బెల్లం, కొంచెం తోలు చెప్పు, అడుగున నేల చెమ్మ. ఇక్కడ పనిలో చేరిన మొదటి ఏడాదిలో మా యజమాని ఓ పాత పొయాక్ తీసి నా గ్లాసులో రెండు గుక్కలు పోశాడు. ముక్కు దగ్గర పెట్టుకోగానే నేను ఆ కొట్టంలో ఉన్నాను. ఒక్క నిమిషం మాట రాలేదు. పక్కన నిల్చున్న ముసలాయన 'సిగార్ పెట్టె' అన్నాడు. ఆయనది సిగార్ పెట్టె, నాది పొగాకు కొట్టం. ఆకు ఒక్కటే.

అప్పటిదాకా నాదీ మీ పరిస్థితే. పాత వైన్ అంటే పండు వాసన ఇంకా ఎక్కువగా, ఇంకా తియ్యగా, ఇంకా ఘాటుగా ఉంటుందని అనుకునేవాణ్ణి. ఉండదు. కాలం పండుని పెంచదు, తీసేస్తుంది. సీసాలో పడ్డాక బిరడా గుండా అతి కొద్దిగా గాలి ఆడుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి ఎరుపు రంగునిచ్చే పదార్థాలూ టానిన్లూ ఒకదాన్నొకటి పట్టుకుని రూపం మారతాయి. కొంత భాగం బరువెక్కి అడుగున మడ్డిగా దిగుతుంది. అందుకే వగరు మెత్తబడుతుంది, రంగు పలచబడుతుంది. గ్లాసుని వంచి తెల్ల కాగితం మీద పట్టి చూడండి. లేత వైన్ అంచు నేరేడు పండు పిండినట్టు ఊదాగా ఉంటుంది. ముదిరినదాని అంచు ఇటుక రంగుకి తిరుగుతుంది. తెల్ల వైన్‌లో తిరకాసు ఏమిటంటే, అది వయసుతో పాటు రంగు పుంజుకుంటుంది. గడ్డి రంగు నుంచి బంగారానికి, అక్కడి నుంచి తేనెకి.

వాసనలూ అంతే. లేత పొయాక్‌లో నల్ల పండ్లు, కొత్త పీపా నుంచి వచ్చిన వెనిల్లా, చెక్కిన పెన్సిల్ ములుకు. ఇరవై పాతికేళ్లకి అవన్నీ వెనక్కి తగ్గి పొగాకు, తోలు, పుట్టగొడుగు, అడవిలో రాలిన ఆకులు ముందుకొస్తాయి. ఫ్రెంచివాళ్లు ఈ చివరిదాన్ని 'సూ బువా' అంటారు, చెట్ల కింది నేల అని. మీకు తగిలిన తడి ఎండుటాకుల వాసన సరిగ్గా అదే. మీ ముక్కు తప్పు చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు పట్టుకుంది. అది పాడైన లక్షణమని తీర్పు చెప్పింది మాత్రం మీరు, కొత్త వైన్ కొలతతో పాతదాన్ని కొలిచి.

ఇంతకీ నిజంగా పాడైతే ఎలా తెలుస్తుంది? మూడు సంగతులు గుర్తుపెట్టుకుంటే చాలు. బిరడాలోంచి ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం దిగితే వైన్ తడిసిన అట్టపెట్టెలా, వానకి నాని ముక్కిన గోనెసంచిలా ఉంటుంది. తాగితే ప్రాణానికేమీ కాదు గానీ పండు మొత్తం చచ్చిపోతుంది. ఇది వైన్ వయసుని బట్టి రాదు, నిరుడు నింపిన సీసాకైనా రావచ్చు. రెండోది గాలి ఎక్కువ సోకడం: దెబ్బ తగిలి గోధుమ రంగుకి తిరిగిన ఆపిల్ ముక్క వాసన. మూడోది వెనిగర్, గోళ్ల రంగు వాసన. అనుమానం వస్తే గ్లాసుని పది నిమిషాలు పక్కన పెట్టండి. గోనెసంచి వాసన గాలి తగిలేకొద్దీ ఇంకా పెరుగుతుంది. మంచి పాత వైన్‌లోని ఆకుల వాసన అయితే ఒకచోట ఆగదు. కాసేపటికి పొగాకు వస్తుంది, తర్వాత ఎండు గులాబీ, తర్వాత ఎక్కడి నుంచో ఓ తీపి. మీ మేనేజర్ ఇంట్లో గ్లాసు ఎంతసేపు పట్టుకున్నారో రాయలేదు. నా ఊహ, రెండు నిమిషాల్లో మర్యాదగా పక్కన పెట్టేసి ఉంటారు.

అందరూ మైమరచిపోయారన్న దాన్ని కూడా మరీ మనసుకి తీసుకోకండి. బోర్డోలోనే చేసిన ఓ ప్రయోగం 2001లో అచ్చయింది. వైన్ తయారీ శాస్త్రం చదివే 54 మందికి తెల్ల వైన్ ఇచ్చారు, తర్వాత అదే తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. రెండోదాన్ని వాళ్లు ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. కన్ను ముక్కుని అంతగా లాక్కెళ్తుంది. లేబుల్ మీద 1996 అని కనిపిస్తే మైమరచిపోవడం చాలామందికి సగం తయారుగానే ఉంటుంది. నాకూ ఉంటుంది. అందుకే మా దగ్గర కొత్త సరుకు వస్తే సీసాకి కాగితం సంచి తొడిగి రుచి చూస్తాం.

ఇక పాతదైతే గొప్పదేనా అన్న ప్రశ్న. కాదు. ఈ మాట అంటే మా వీధిలో సగం దుకాణాలవాళ్లకి కోపం వస్తుంది, అయినా కాదు. మనింట్లో బియ్యం సంగతి ఆలోచించండి. పులిహోరకీ బిర్యానీకీ పాత బియ్యం కావాలి, మెతుకు మెతుకు విడిపడాలి. పరమాన్నానికి కొత్త బియ్యమే, ముద్దకట్టి పాలలో కలిసిపోవాలి. కొత్త బియ్యం తక్కువదని ఎవరూ అనరు. వైన్‌లో మాత్రం ఏదో ఒక భక్తి చేరి వయసుకి దండం పెట్టిస్తుంది. ఫ్రాన్స్‌లో తయారయ్యే వైన్‌లో ఎక్కువ భాగం రెండు మూడేళ్లలో తాగేయడానికే చేసింది. అది దాస్తే ఎదగదు, వడిలిపోతుంది.

దాచడానికి తగినదా కాదా అన్నది వగరు, పులుపు, తీపి తేలుస్తాయి. వీటిలో ఒకటైనా గట్టిగా ఉండాలి, వెనక పండు కూడా దండిగా ఉండాలి. కేబర్నేకి వగరుంది. రోన్ లోయలో ఎర్మితాజ్ కొండ మీది సిరా అనే ద్రాక్షకీ ఉంది. వూవ్రేలో పండే షెనిన్ అనే తెల్ల ద్రాక్షకి నిమ్మకాయంత పులుపుంది, మంచి ఏడాదిదైతే యాభై ఏళ్లయినా లేచి కూర్చుంటుంది. పైగా ఎర్ర బోర్డో ధరలతో పోలిస్తే అది దాదాపు ఊరికే ఇచ్చినట్టు. సముద్రం పక్క పండే ముస్కడే అనే తెల్ల వైన్‌ని మామూలుగా లేతగానే, సముద్రపు గుల్లలతో తాగేస్తారు. బోజొలే ప్రాంతపు ఎర్ర వైన్ కూడా అంతే, నవంబరు మూడో గురువారం విడుదలయ్యే నూవో రకమైతే పండగలోపు అయిపోవాలి. కానీ అదే బోజొలేలో మోర్గొన్, మూలానవాన్ ఊళ్లవి పదేళ్లు దాచి చూడండి, కళ్లకి గంతలు కడితే బర్గండీ ప్రాంతపు వైన్ అంటారు. కోండ్రియు అనే తెల్లది ఉంది, జామపండు, మల్లెపూల మధ్యలో ఎక్కడో ఉంటుంది దాని వాసన. దాన్ని దాచడం మల్లెపూలని బీరువాలో పెట్టడమే.

తెల్ల బర్గండీ మాత్రం నాకు నేర్పిన పాఠం ఖరీదైనది. చేరిన కొత్తలో జీతం కూడబెట్టి 1999 కాపుది ఆరు సీసాలు కొన్నాను. షార్డొనే ద్రాక్ష, మంచి తోట, పదేళ్లు హాయిగా ఉంటుందన్నారు. పదేళ్లు దాటాక ఒకటొకటిగా తీశాను. మొదటి రెండూ అద్భుతం. వేయించిన బాదంపప్పు, వెన్న, నిమ్మతొక్క. మూడోది తీస్తే టీ డికాషన్ రంగు, కోసి వదిలేసిన ఆపిల్ వాసన. నాలుగోది బాగుంది. మిగతా రెండూ డికాషనే. ఒకే పెట్టె, ఒకే నేలమాళిగ, ఒకే రోజు కొన్నవి. తర్వాత తెలిసింది, 1990ల మధ్య నుంచి తెల్ల బర్గండీలు ఇలా తొందరగా ముసలివైపోవడం చాలామంది చూశారని. బిరడాలని కొందరన్నారు, గంధకం తక్కువ వేయడమని కొందరు, పిండే పద్ధతని కొందరు. కారణం ఏదైనా, అప్పటి నుంచి తెల్ల బర్గండీని ఏడెనిమిదేళ్లకి మించి నమ్మను.

ఎర్ర బర్గండీ గురించి ఒక్క మాట. అక్కడ పండేది పినో న్వార్, తొక్క పలచన, వగరు తక్కువ. ఆ ప్రాంతమంతా చిన్న చిన్న భూమి చెక్కలు. క్లో ద వూజో అనే ఒక్క తోటే సుమారు 50 హెక్టార్లు, దానికి 80 మంది దాకా యజమానులు. మన గట్టు తగాదాలు గుర్తొస్తాయి. అందుకే అక్కడ తోట పేరు కంటే వైన్ చేసినవాడి పేరు ముఖ్యం. లేతప్పుడు ఆ వైన్ ఎర్రటి చిన్న పండ్లతో ఎంత అందంగా ఉంటుందంటే, దాచడానికి చేతులు రావు. దాచకపోయినా తప్పులేదు.

దాచేవాళ్లకి ఇంకో చిక్కుంది. మంచి వైన్ కూడా వరసగా మెరుగవుతూ పోదు. సీసాలో పడిన మొదటి ఒకటి రెండేళ్లు పండుతో కళకళలాడుతుంది, తర్వాత కొన్నేళ్లు ముడుచుకుపోతుంది. వాసన రాదు, వగరొక్కటే పలకరిస్తుంది. ఫ్రెంచివాళ్లు 'ఫెర్మే' అంటారు, తలుపేసుకుందని. పదహారేళ్ల పిల్లాడు ఇంటికొచ్చిన చుట్టాల ముందు మాట్లాడకుండా కూర్చున్నట్టు. మీ దగ్గర ఆ 2022 ఇంకో సీసా ఉంటే 2034 దాకా దాని మొహం చూడకండి. ఆగలేకపోతే తాగేముందు మూడు గంటలు గాజు జగ్గులో పోసి ఉంచండి. ఖరీదైన డికాంటర్ అక్కర్లేదు, మంచినీళ్ల జగ్గు చాలు.

మీకు ఇచ్చిన 2005 మంచి కానుక. ఆ ఏడు బోర్డోలో వాన తక్కువ, పొడి వేసవి, గింజలు చిన్నవిగా దట్టంగా వచ్చాయి. పెద్ద షాటోలవి (వైన్ చేసే తోటల్ని ఇక్కడ షాటో అంటారు) ఇంకా గట్టిగానే ఉన్నాయి, మామూలు మెడాక్‌లు తాగడానికి సిద్ధంగా ఉన్నాయి. లేబుల్ మీద 1855 వర్గీకరణ గురించి ఏమైనా రాసి ఉంటే దాన్ని బట్టి ఎప్పుడు తీయాలో తేలదు. అది పారిస్ ప్రదర్శన కోసం అప్పటి ధరలు చూసి షాటోలకి వేసిన వరస, ఆ తర్వాత చెప్పుకోదగ్గ పెద్ద మార్పు 1973లో మూటాన్ రోత్‌షిల్డ్‌ని మొదటి వరసలోకి ఎక్కించడమే. వైన్ ఇన్నాళ్లూ ఎక్కడ బతికింది అన్నదే అసలు ప్రశ్న. మీ మేనేజర్‌కి నేలమాళిగ ఉంటే భయం లేదు. వంటింటి అలమరాలో ఉంటే భయమే. వైన్‌కి కావలసింది 12 నుంచి 14 డిగ్రీల చల్లదనం, చీకటి, కొంచెం చెమ్మ, కదలని చోటు. అటూ ఇటూ మారే వేడి దాన్ని నిలువునా ముసలిదాన్ని చేస్తుంది. మీరు రాశారు కదా, హైదరాబాదులో నాన్నగారి కోసం తీసుకెళ్లి బీరువాలో పెట్టాలనుందని. వద్దు. మే నెల ఒక్కటి చాలు దానికి. తీసుకెళ్తే చలికాలంలో తీసుకెళ్లి, వారంలోపు అందరూ కలిసి తాగేయండి. నాలుగు రోజులు ఆగాల్సి వస్తే ఫ్రిజ్జే నయం.

తీసే పద్ధతి చెబుతాను. రెండు రోజుల ముందు సీసాని నిలబెట్టండి, మడ్డి అడుగుకి దిగుతుంది. తాగేటప్పుడు 16, 17 డిగ్రీలుండాలి. 'ఎర్ర వైన్ గది వేడిలో తాగాలి' అనే మాట ఇళ్లలో హీటర్లు లేని రోజులది, అప్పటి గదులు అంతే ఉండేవి. ఇప్పటి 23 డిగ్రీల గదిలో ఆల్కహాలు తప్ప ఏమీ తెలియదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఇరవై ఏళ్ల బిరడా విరగొచ్చు, మామూలు మర స్క్రూ అయితే నిదానంగా, నిటారుగా దించండి. రెండు రేకులుండే ఓపెనర్ దొరికితే ఇంకా మంచిది. దాన్ని బిరడాకీ గాజుకీ మధ్య దూర్చి తిప్పుతూ లాగుతారు. విరిగి లోపల పడితే కంగారేం లేదు, టీ వడగట్టేది ఉందిగా.

తర్వాత సీసా మెడ కింద ఫోన్ లైటు వెలిగించి పెట్టి, ఆపకుండా సన్నధారగా జగ్గులోకి వంచండి. ఇదివరకు కొవ్వొత్తి పెట్టేవాళ్లు. చివర్లో మెడ దగ్గరికి పొగలా నల్లటి చార వస్తుంది, అక్కడ ఆపేయండి. 2005కి జగ్గులో అరగంట, ముప్పావుగంట చాలు. 1996 లాంటివి అయితే వంచిన వెంటనే పోసుకోవాలి, ఒక్కోసారి గంటలో వాసన మొత్తం ఎగిరిపోతుంది. లేతదానికి గాలి మేలు చేస్తుంది, బాగా ముసలిదానికి అదే గాలి హాని.

గ్లాసులో మూడో వంతుకి మించి పోయకండి. కదపకుండా ముందు ఒకసారి వాసన చూడండి, తర్వాత తిప్పి చూడండి, రెండిటికీ తేడా ఉంటుంది. చిన్న గుక్క తీసుకుని, వేడి టీ జుర్రినట్టు కాస్త గాలి లాగండి. ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. మింగాక ఎన్ని సెకన్లు రుచి నిలిచిందో లెక్కపెట్టండి. ఒక్కో సెకనుకి వాళ్లు 'కొదలీ' అని ఓ పేరు కూడా పెట్టుకున్నారు. ఐదారు దగ్గర ఆగిపోతే మామూలుది, పదిహేను దాటితే దాని వెనక ఓ మంచి చేయి ఉన్నట్టు. వరసగా ఎన్నో రకాలు చూడాల్సి వస్తే ఉమ్మేయండి. దానికి క్రాష్వార్ అని పాత్రే ఉంటుంది. ఉమ్మడానికి సిగ్గుపడి తూలినవాళ్లని చాలామందిని చూశాను, మొదటి ఏడాది అద్దంలో కూడా.

మాటలు మాత్రం మీవే వాడండి. పుస్తకాల్లో 'కాసిస్' అని ఉంటుంది, ఇక్కడి ఓ చిన్న నల్ల పండు. మన చిన్నతనంలో ఎవరు తిన్నారు కాసిస్? నేరేడు అని రాసుకోండి. రేగుపండు, చింతపండు, కాచు, తాటి బెల్లం, అమ్మమ్మ ట్రంకుపెట్టె, ఏది తడితే అది. నా మొదటి నోటు పుస్తకంలో షినోన్ అనే ఓ ఎర్ర వైన్ పక్కన 'కాల్చిన బజ్జీ మిరపకాయ, కారం లేకుండా' అని ఉంది. కేబర్నే ఫ్రాంక్ ద్రాక్షకి ఇంతకంటే మంచి వర్ణన నాకు ఈనాటికీ దొరకలేదు.

తక్కువ ఖర్చుతో నేర్చుకునే దారి ఒకటుంది. సెప్టెంబరులో ఇక్కడి సూపర్‌మార్కెట్లలో 'ఫువార్ ఓ వాన్' పేరుతో వైన్ సంతలు పెడతారు. 15, 20 యూరోలలో మెడాక్‌లోని క్రు బూర్జువా వర్గం వైన్ ఒకే రకం మూడు సీసాలు కొనండి. ఒకటి ఇప్పుడు, ఒకటి నాలుగేళ్లకి, ఒకటి ఎనిమిదేళ్లకి తీయండి. నోటు పుస్తకం ఒక్కటే ఉంచండి. 300 యూరోల సీసా ఒక్కటి తాగితే తెలియని సంగతి ఆ మూడింటితో తెలుస్తుంది. వీలైతే అదే ఊరిది పదేళ్ల నాటి సీసా కూడా దుకాణంలో అడిగి, రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టుకుని ఒకేసారి తాగండి. విడివిడిగా తాగితే జ్ఞాపకంతో పోల్చాలి, దాన్ని నమ్మలేం.

మీకు నచ్చే పాత వైన్ ఏదైనా ఉందా అంటే, తప్పకుండా సొటెర్న్ అనే తీపి తెల్ల వైన్. మా ఊరికి దక్షిణాన సిరోన్ అనే చల్లటి చిన్న ఏరు గారోన్ నదిలో కలిసే చోట, శరత్కాలంలో తెల్లవారుజామున పొగమంచు పడుతుంది. మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. ఆ చెమ్మకి ద్రాక్షకి ఓ బూజు పడుతుంది. వేరే చోట పంటని పాడు చేసే బూజే ఇక్కడ పండులోని నీళ్లు లాగేసి, తీపినీ పులుపునీ చిక్కబరుస్తుంది. ఒకే తోటలోకి పలుమార్లు వెళ్లి, సరిగ్గా ఎండిన గింజలనే ఏరుకొస్తారు. ఏడాది బాగాలేకపోతే చేయరు. అందరికంటే పెద్ద పేరున్న షాటో ఇకెమ్ 2012లో తీపి వైన్ అసలు విడుదలే చేయలేదు. లేతప్పుడు తేనె, ఖర్జూరం, నేతిలో వేయించిన పైనాపిల్. పాతికేళ్లకి బెల్లం పాకం, కుంకుమపువ్వు, నారింజ తొక్క, పైగా ఆ పులుపు ఇంకా నిటారుగానే ఉంటుంది కాబట్టి మొహం మొత్తదు. చిన్న తోటల సొటెర్న్ అర సీసాల్లో అందుబాటు ధరకే దొరుకుతుంది. పూర్ణం బూరెతో ఒకసారి తాగాను. అది ఇక్కడివాళ్లకి ఎవరికీ చెప్పలేదు.

చివరగా మీ సీసాకి ఒక పరీక్ష. దాన్ని నిలబెట్టి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి, బిరడా కింద వైన్ ఎక్కడి దాకా ఉందో చూడండి. మెడ అడుగు దాకా ఉంటే నిశ్చింతగా ఐదారేళ్లు దాచుకోవచ్చు, మంచి చోటుంటే. భుజం మధ్యకి దిగిపోయి ఉంటే గాలి ఎక్కువ చేరినట్టు, ఈ నెలలోనే తీసేయండి. తీసే రోజు మీ మేనేజర్‌ని కూడా పిలవండి, ఆ రోజు వంటలో మిరపకాయ వద్దు. మట్టం ఎక్కడుందో, లేబుల్ మీద షాటో పేరేమిటో రాస్తే ఎంతకాలం ఆగొచ్చో ఇంకాస్త కచ్చితంగా చెబుతాను.